ఒంటి చేత్తో ఎత్తిన కారవాన్

డెస్ ట్రెగెన్జా ఆ సాయంత్రం చెప్పిన దానిలో ఒకే ఒక్క మాట నిజం. దానిని అతడు మొట్టమొదటే చెప్పాడు. అందువల్లనే ఎవరూ పట్టించుకోలేదు.

దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడూనా ఊరి నుండి పడమటికి మూడు వందల కిలోమీటర్లు పోతే చెట్టు అన్నది కనబడని మైదానంలో ఒక పెట్రోలు బంకు, దాని వెనుక కారవాన్లు, అంటే కారు వెనుక తగిలించి లాగే ఇంటిబండ్లు, నిలుపుకొనే ఆవరణ ఉన్నాయి. జూలై నెల, అక్కడ చలికాలం. దక్షిణ సముద్రం మీది గాలి గుడారపు బట్టలను టపటపలాడిస్తూ వీస్తున్నది. నాలుగున్నర దాటగానే, ఎవరూ పిలువకుండానే, ఎవరి మడత కుర్చీ వారు, ఎవరి సీసా వారు చేత పట్టుకొని, సగానికి కోసిన ఇనుప డ్రమ్ములోని మంట చుట్టూ చేరారు. అది కారవాన్ల మీద దేశం తిరిగేవారి ఆచారం. ఆ వేళకు ఎవరైనా కొత్తగా వచ్చి బండిని వెనుకకు నడిపి నిలుపుకోబోతే అదే అందరికీ వినోదం. రాకపోతే మాటలే గతి.

ఆనాడు మంట దగ్గర నలుగురున్నారు. డెస్, డెబ్బై రెండేళ్ళవాడు, కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. అతని భార్య గ్లెనిస్ మోకాళ్ళ మీద కంబళి కప్పుకొని, ముఖం మైదానం వైపు తిప్పుకొని కూర్చున్నది. మధ్యాహ్నం ఇక్కడికి చేరింది మొదలు ఆమె నోరు విప్పలేదు. పక్కన లాయల్, గొర్రెల బొచ్చు కత్తిరించే పని మానుకొని పదేళ్ళైనవాడు. అతని కెదురుగా నోలీన్ షుల్ట్స్. గోధుమ గోదాము ముందరి తూకపు వంతెన మీద ముప్పై ఒక్క సంవత్సరాలు లారీలను తూచిన మనిషి. ఆమె కమలాపండు వలుచుకుంటున్నది. వారి మధ్య బల్ల మీద ఒక కాగితం, ఎగిరిపోకుండా దాని మీద టొమాటో సాసు సీసా.

"చలి కాగండి, కాగండి," అన్నాడు డెస్. "ఈ మొద్దులు నావే. వుడిన్నాలో మా బావమరిది పొలంలో మాలీ చెట్లు పెకలిస్తే వచ్చిన వేరుమొద్దులు, మూడు తోపుడుబండ్లు నింపి తెచ్చా. ఒక్కటి వేస్తే తెల్లారేదాకా నిప్పు ఉంటుంది. ఈ బంకువాడు అమ్మే పుల్లలు చూశారా, పళ్ళు కుట్టుకోడానిక్కూడా పనికిరావు. సరే, ఆ కాగితం సంగతి చెప్తా, నాకు ఒళ్ళు మండిపోతోంది. పొద్దున నన్ను రోడ్డు దింపిన లారీ ఉందే, దాని కంపెనీకి ఫోన్ చేశా. ఒట్టి ఫిర్యాదు చాలదట, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలట. ఇద్దరు పెడితే ఆ డ్రైవరమ్మని గురువారానికల్లా లారీ దింపేస్తాం అన్నారు. దింపాలి. ఇంకో లారీ ఎక్కకుండా కూడా చెయ్యాలి. ఒక సంతకం గ్లెనిస్‌ది, చేతులు వేడెక్కాక పెడుతుంది. రెండోది మీలో ఎవరో ఒకరు."

"మేం చూడలేదుగా, డెస్సూ," అన్నాడు లాయల్. "మేం పడమర పెర్త్ వైపు నించి వచ్చాం. అదీ నిన్న."

"ఎదురు దిక్కు నించి వచ్చినవాడికే బాగా కనపడుతుంది."

"నిన్న వచ్చినవాడికి ఇవాళ జరిగింది కనపడదు."

"అందుకే చెప్తున్నాగా, విని పెట్టండి. ముందు ఒకటి తెలుసుకోండి, కారవాన్ లాగడం గురించి నాకు ఎవడూ నేర్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళు లాగా. మీరు పొద్దున్నే లేచి ఏం చేస్తారు? కారవాన్ ముక్కు కింద చిన్నచక్రం ఉంటుంది కదా, దాని పిడి పట్టుకుని గిరగిరా తిప్పుతారు, ముక్కు ఇంత లేస్తుంది, చెమటలు పడతాయి, మళ్ళీ తిప్పుతారు, కారు వెనక్కి తెస్తారు, పెళ్ళాం చేతులూపుతుంది, కుడికి, ఎడమకి, ఆగు ఆగు, అయ్యేసరికి మొగుడూ పెళ్ళాలకి మాటలుండవు. నేనేం చేస్తానో తెలుసా? ఒంటి చేత్తో. ఇదిగో, ఈ చేత్తో. ముక్కు పట్టి ఎత్తుతా, కారు వెనక ఇనుప గుండు మీద పెడతా, అయిపోయింది. రెండో చేతిలో టీ కప్పు ఉంటుంది."

"టీ ఒలకదా?" అన్నాడు లాయల్.

"ఒలకదు."

నోలీన్ పండు తొన ఒకటి నోట వేసుకున్నది. "బండి మొత్తం బరువెంత?"

"రెండు వేల నాలుగొందల కిలోలు. సెడూనాలో జనం మూగారు చూడ్డానికి. ఒకడు ఫోటో తీసుకున్నాడు. అది వదిలెయ్యండి, అదేం గొప్ప కాదు నాకు. ఇవాళ పొద్దున తొమ్మిదిన్నరకి జరిగింది వినండి. రోడ్డు గీత గీసినట్టుంది. నేను ఎనభైలో పోతున్నా. తొంభై కాదు, ఎనభై. వెనక కారవాన్ ఉంది, పక్కన పెళ్ళాం ఉంది, బాధ్యత ఉంది. తాపీగా పోతున్నా. అప్పుడు వెనక నించి వచ్చింది అది. రోడ్ ట్రైన్. లారీ, దానికి రెండు ట్రైలర్లు. హారన్ లేదు, లైటు లేదు, బండికీ బండికీ మాట్లాడుకునే రేడియోలో ఒక్క మాట లేదు. నా బండి వెనక ఇంత లావు అంకెలతో రాయించా, రేడియోలో నలభయ్యో నంబరు వింటాం అని. అక్షరాలు రానివాళ్ళకైనా అంకెలొస్తాయి కదా. ఒక్క మాట లేదు. దాటింది నన్ను. దాటడం కూడా కాదు, చీపురుతో చెత్త నెట్టినట్టు నెట్టింది. మొదటి ట్రైలరు పోయింది, రెండోది పోయింది, మూడోది వచ్చింది..."

"రెండన్నావు," అన్నది నోలీన్.

"ముందు రెండే కనపడ్డాయి. మూడోది వాటి వెనక దాక్కుంది. ఆ గాలికి నా బండి తోక కుడికి పోయింది. సరేలే అనుకున్నా. ఎడమకి పోయింది. మళ్ళీ కుడికి, ఈసారి ఇంకా ఎక్కువ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో ఊపుకి వంటింటి సొరుగులన్నీ తెరుచుకున్నాయి, లోపల చెంచాలన్నీ ఒక పక్కకి, ఫోర్కులన్నీ ఒక పక్కకి సర్దుకున్నాయి, గ్లెనిస్ ఇరవయ్యేళ్ళుగా సర్దుతోంది, అలా ఎప్పుడూ కుదరలేదు. అయిదో ఊపుకి వంటింటి కిటికీ వచ్చి నా కిటికీ పక్కన నిలబడింది. చూద్దును కదా, పొయ్యి మీద కెటిల్. నీళ్ళు మరుగుతున్నాయి. బండి కదిలే ముందు గ్యాస్ కట్టెయ్యాలి, అది ఎవడైనా పాటించాల్సిన నియమం, గ్లెనిస్ మర్చిపోయింది..."

గ్లెనిస్ తల తిప్పి అతని వైపు చూసింది.

"...ఎవరో మర్చిపోయారు," అన్నాడు డెస్. "ఎవరైతే ఏం. నేను నా కిటికీలోంచి చెయ్యి జాపి, దాని కిటికీలోకి పెట్టి, గ్యాస్ మూసేశా. బండి నడుస్తుండగా. మీలో ఎవడు చేశాడా పని?"

"నా వల్ల కాలేదు," అన్నాడు లాయల్. "మా కిటికీకి దోమతెర ఉంది."

"నవ్వు, నవ్వు. నీకు జరిగితే తెలిసేది. ఆరో ఊపుకి ఏమైందంటే, నా కారవాన్ నన్నే దాటిపోయింది. ఇప్పుడు అది ముందు, నేను వెనక. నేను దాన్ని లాగడం లేదు, అది నన్ను లాగుతోంది. ఇంకొకడైతే బ్రేకు తొక్కి చచ్చేవాడు. నేను గేరు మార్చా. ఏ గేరు? రివర్సు. అది అటు లాగుతుంది, నేను ఇటు లాగుతా, రెండూ సరిపోయి నిలబడతాయి, లెక్క అది. నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో తెలుసా? అప్పటికి వేగం నూట పదిహేను."

"ఎనభై అన్నావుగా."

"నాది ఎనభై, నోలీన్. మిగతా ముప్పై అయిదు కారవాన్‌ది. మూడు ఈమూ పక్షులు మా పక్కన పరుగెత్తాయి కాసేపు. పోటీ పెట్టుకున్నాయి. అందులో ఒకటి నా మొహం చూసి, పాపం పెళ్ళాం పిల్లలు గలవాడు అనుకుని, తల అడ్డంగా ఊపి పక్కకి తప్పుకుంది. పక్షికున్న జాలి ఆ మనిషికి లేదు. ఆమె ఏం చేస్తోందో చెప్పనా? అద్దంలో స్పష్టంగా కనపడింది నాకు. ఒక చెయ్యి స్టీరింగు మీద, రెండో చేత్తో ఏదో పట్టుకుని నోటి దగ్గర పెట్టుకుంది. తింటోంది. సాండ్‌విచ్. నా ప్రాణాలు గాల్లో ఉన్నాయి, ఆవిడగారు నములుతోంది. రాశా, మూడో పేరాలో రాశా, చూడు. 'ఆమె ఆ సమయమందు భోజనము చేయుచుండెను.' అలాగే రాశా, కంపెనీవాళ్ళకి గౌరవంగా ఉంటుందని."

అతని ముఖం ఎర్రబడింది. సీసాలో మిగిలినది ఒక్క గుక్కలో తాగి, కాలి వద్దనున్న మరొక మొద్దును డ్రమ్ములోకి తన్నాడు. నిప్పురవ్వలు లేచాయి. కోపం వచ్చినకొద్దీ అతనికి జ్ఞాపకం పెరుగుతున్నది.

"నాలుగో ట్రైలరు, అయిదో ట్రైలరు, ఆరు, ఏడు, దాని తోక ఇంకా సెడూనాలో పెట్రోలు కొట్టించుకుంటోంది. దాటుతూనే ఉంది. నేను రోడ్డు దిగా. దిగక ఏం చెయ్యను? ఉప్పుపొదల మీద పన్నెండు కిలోమీటర్లు, కుందేళ్ళ బొరియలు, రాళ్ళు, ముందు కారవాన్, వెనక నేను, ఎదురుగా ఏముంది? సముద్రం. ఆ చరియ మీకు తెలుసు, తొంభై మీటర్లు, కత్తితో కోసినట్టు. కారవాన్ అంచు దాటి గాల్లోకి పోయింది. కారు అంచు మీద ఆగింది. ఆ గుండు మీద వేలాడుతోంది రెండు వేల నాలుగొందల కిలోలు, కింద తిమింగలాలు. తల్లీ పిల్లా. ఈ నెలలో వస్తాయి కదా ఈనడానికి. తల్లి తలెత్తి చూసింది. సంసారం వేలాడితే ఎలా ఉంటుందో సంసారికే తెలుస్తుంది. అది ఊపిరి పీల్చి, ఆ తల మీద బొక్కలోంచి నీళ్ళు చిమ్మింది. తొంభై మీటర్లు. ఆ ధార వచ్చి అడుగున తగిలి, కారవాన్ పువ్వులా లేచింది."

"బండి కడిగినట్టు కూడా అయ్యుంటుంది," అన్నాడు లాయల్.

"అయింది."

"దుమ్ముంది మరి."

"అది తర్వాత పట్టింది. విను. కారవాన్ గాల్లో ఉంది, గుండు ఊడింది, నేను కారు దిగి వెనక్కి పరుగెత్తి, దిగుతున్న కారవాన్ ముక్కుని ఈ ఒంటి చేత్తో పట్టి, గుండు మీద కూర్చోబెట్టి, మళ్ళీ కారెక్కి రోడ్డు మీదికొచ్చా. ఒక్క కప్పు పగల్లేదు. మొద్దుల్లో ఒక్కటి కూడా జారలేదు. అర టన్ను మొద్దులు వెనక, ఒక్కటి జారలేదు. నేను కట్టిన ముడి అలాంటిది."

నోలీన్ చేతిలోని తొన నోటి దాకా వచ్చి ఆగింది. "మొద్దులు ఎక్కడ కట్టావు?"

"వెనక. బంపరుకి ఇనుప రాక్ చేయించా. దాని మీద రెండు స్పేర్ టైర్లు, జనరేటరు, వాటి మీద మొద్దులు. లోపల పెడదామంటే చీమలొస్తాయని గ్లెనిస్ గొడవ. వెనకైతే ఎవరికీ అడ్డం ఉండదు, చెయ్యి జాపితే అందుతుంది. ఇంకా ఏం కావాలి మీకు? పెట్టండి సంతకం."

"పెడతాలే, డెస్సూ," అన్నాడు లాయల్ కలం అందుకుంటూ. "ఆ తిమింగలం కోసమైనా పెట్టాలి. ఆమెకి జీతం ఇచ్చేవాడి దగ్గరికి మన సంతకం ఒకటి చేరితే కొంపలేం మునుగుతాయి."

"ఆమె కొంప మునుగుతుంది," అన్నది నోలీన్. "అందుకే కదా పెట్టమంటున్నాడు. కలం కింద పెట్టు."

లాయల్ కలం కింద పెట్టాడు.

"ఏం, నీకేం పట్టింది?" డెస్ ఆమె మీదికి తిరిగాడు. "ఆమె నీకు చుట్టమా? లారీవాళ్ళతో తిరిగి తిరిగి నీకు వాళ్ళే మనుషులైపోయారు."

"ముప్పై ఒక్కేళ్ళు వాళ్ళని తూచా. దొంగలు ఎవరో, కానివాళ్ళెవరో నాకు తెలుసు. ఈ ఒడ్డు వెంట మొదట నడిచి వెళ్ళినవాళ్ళ దినచర్యలు చదివాను, డెస్. గుర్రాలు చచ్చాయి, నీళ్ళు లేవు, అయినా రోజూ రాసి పెట్టారు, పిండి ఇంత మిగిలింది, ఇన్ని మైళ్ళు నడిచాం అని. తిమింగలం వచ్చి నెట్టిందని ఒక్కడు రాయలేదు. అందుకే వాళ్ళని నమ్ముతా. నిన్ను నమ్మాలంటే నువ్వు చెప్పిన వాటిలో ఒక్కటి నాకు చూపించు."

"తిమింగలాన్ని తెచ్చి చూపించనా?"

"అక్కర్లేదు. మొదట చెప్పింది చూపించు. ఒంటి చేత్తో ఎత్తుతానన్నావే, అది."

డెస్ ముఖం విప్పారింది. ఇంత సేపు తన మాటను కాదన్న మనిషి, తాను నిజంగా చేయగలిగిన దానినే అడిగింది. "రండి," అన్నాడు. "అందరూ రండి. లాయలూ, కప్పులో టీ పొయ్యి."

నలుగురూ కారవాన్ దగ్గరికి నడిచారు. అది కారు నుండి విడదీసి నిలిపి ఉన్నది. చక్రాలకు అడ్డంగా చెక్క దిమ్మెలు. వెనుక రాక్ మీద మొద్దుల గుట్ట తాళ్ళతో బిగించి ఉన్నది. డెస్ టీ కప్పు ఎడమ చేత పుచ్చుకొని, వంగి, కుడి చేతితో కారవాన్ ముక్కు పట్టుకున్నాడు. ఎత్తాడు. చిన్నచక్రం నేల నుండి జానెడు లేచింది. కప్పులోని టీ కదలలేదు.

లాయల్ నోరు తెరిచాడు. "అబ్బ. నిజమే."

"ఇప్పుడేమంటావు?" అన్నాడు డెస్.

నోలీన్ అతనిని చూడలేదు. "గ్లెనిస్, ఇలా రా. నువ్వెత్తు."

డెస్ నవ్వాడు. "ఆమె వల్ల కాదు. దోసకాయ ఊరగాయ సీసా మూత తియ్యాలంటే నా దగ్గరికి తెస్తుంది."

గ్లెనిస్ కంబళిని భుజం మీద వేసుకొని వచ్చి, భర్త నిలబడిన చోట నిలబడి, ఒక్క చేతితో, అరవై తొమ్మిదేళ్ళ ఆ చేతితో, కారవాన్ ముక్కును పైకెత్తింది. ఎత్తి, పట్టుకొని, కొంతసేపు అలాగే నిలబడింది. తరువాత దించింది.

గుడారపు బట్ట గాలికి రెండు సార్లు చప్పుడు చేసింది.

"నువ్వు బలవంతుడివి కాదు, డెస్," అన్నది నోలీన్. "ఆమె కూడా కాదు. బండి మొత్తం బరువులో పదో వంతు ముక్కు మీద దిగాలి. ఆ బరువే తోకని కదలకుండా పట్టుకుంటుంది. నీ బండికైతే రెండొందల నలభై కిలోలు. నేనూ లాయలూ కలిసి ఎత్తినా లేవకూడదు. ఒంటి చేత్తో లేచిందంటే ఇక్కడ బరువు లేదు, అంతా ఆ రాక్ మీద ఉంది. అర టన్ను కోతే, మూడు తోపుడుబండ్లు మాత్రం నిజమే. అవి చాలు. ఈ బండి ఊగడానికి రోడ్ ట్రైన్ ఎందుకు, ఈమూ పక్షి తుమ్మినా ఊగుతుంది."

"సెడూనా దాకా బాగానే వచ్చింది," అన్నాడు డెస్.

"సెడూనా దాకా నువ్వు ఎవరినీ దాటలేదు."

"నేను దాటానా? ఆమె దాటింది. చెప్పా కదా, ఆమె..."

"దాటి ముందుకి పోయినదాని మొహం వెనక చూసే అద్దంలో ఎలా కనపడింది నీకు?"

డెస్ కారవాన్ ముక్కు మీద ఆనించిన చేతిని తీసి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు గ్లెనిస్ మాట్లాడింది. గొంతు పెద్దది కాదు. కాని అంతసేపు దాచిన కోపం దానిలో ఉన్నది.

"నువ్వే దాటావు, డెస్. నూట పదిహేనులో. ఎందుకూ, ముందు లారీ ఉంటే నీకు చిన్నతనం కాబట్టి. ఆ లారీ ముక్కు దగ్గరికొచ్చేసరికి దాని గాలి కొట్టింది, తోక ఊగింది. నువ్వు బ్రేకు తొక్కావు. ఇంకా ఊగింది. నువ్వు అరవడం మొదలెట్టావు. లారీని తిట్టావు, రోడ్డుని తిట్టావు, నన్ను తిట్టావు. నేను రేడియో ఒళ్ళో పెట్టుకుని ఉన్నా. అందులోంచి ఆ అమ్మాయి మాట్లాడింది. నీకు వినపడలేదు. నువ్వు అరుస్తున్నావు మరి."

"రేడియోలో ఒక్క మాట..."

"నువ్వు చూసింది సాండ్‌విచ్ కాదు, డెస్. ఆమె చేతిలో ఉన్నది రేడియో మైకు."

లాయల్ నేల చూశాడు.

"'కారవాన్ వాళ్ళూ, బ్రేకు మీద కాలు తియ్యండి,' అంది. 'స్టీరింగు తిప్పొద్దు. డాష్‌బోర్డు కింద చిన్న మీట ఉంటుంది, కారవాన్ బ్రేకులకి మాత్రమే. దాన్ని చేత్తో మెల్లిగా లాగండి.' ఎంత నిదానంగా చెప్పిందో. వంట చెప్పినట్టు చెప్పింది. నువ్వెలాగూ వినవు. నేను నీ మోకాలు పక్కకి నెట్టి, వంగి, ఆ మీట లాగా. 'ఇంకొంచెం,' అంది. లాగా. 'వదలొద్దు, నేను వెనకే ఉన్నా, ఎవరినీ రానివ్వను,' అంది. బండి నిలబడింది. వెనక్కి చూస్తే ఆమె లారీని రోడ్డుకి అడ్డంగా నిలిపింది, లైట్లన్నీ వేసి."

"అది నువ్వు నాకు చెప్పనేలేదు."

"నువ్వు దిగి టైరుని తన్నుతున్నావు. ఆమె నడిచి నా దగ్గరికొచ్చింది. తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చింది. పేరు వూలా. పద్నాలుగేళ్ళ నించి ఈ రోడ్డు మీద నడుపుతోందట. ఇలా ఊగేది తన కళ్ళముందు ఇది నాలుగోది అంది. మనతో కలిపి మూడింటిని మాటతో ఆపింది. ఒకదాంట్లో వాళ్ళు రేడియో కట్టేసుకున్నారట. దాని గురించి ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు. నువ్వప్పుడు ఆమె లారీ నంబరు రాసుకుంటున్నావు. నేను చూస్తూ, కృతజ్ఞతకి రాసుకుంటున్నావనుకున్నా."

ఆమె మంట దగ్గరికి నడిచి, సాసు సీసా పక్కన పెట్టి, కాగితం తీసుకుంది. దానిని చింపలేదు, మంటలో వేయలేదు. వెనుకకు తిప్పి, ఖాళీ పక్క మీద రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. ఒకచోట ఆగి నోలీన్‌ను అడిగింది, "పదో వంతు అన్నావు కదా?" నోలీన్ తల ఊపింది. రాయడం ముగించి తన పేరు వ్రాసి, కలం భర్త ముందుకు జాపింది.

"ఏంటిది?" అన్నాడు డెస్.

"జరిగింది. కంపెనీకి. సాక్షులు ఇద్దరు కావాలన్నారుగా, నేనొకదాన్ని. నువ్వు రెండోవాడివి. ఆ కారులో మనిద్దరమే ఉన్నాం."

"నేను పెట్టను."

"అయితే రేపు నేను ఆ కారెక్కను. గురువారం వూలా ఇటు నించి వెనక్కి వెళ్తుంది. లారీలో రెండో సీటు ఉంది, నేను చూశా. నువ్వు ఆమెని దింపకపోతే."

డెస్ నోలీన్ వైపు చూశాడు, లాయల్ వైపు చూశాడు. లాయల్ తన మడత కుర్చీని ఏదో విరిగినట్టు పరిశీలిస్తున్నాడు. డెస్ కాగితం అందుకొని, కళ్ళజోడు కోసం జేబులు తడుముకొని, మొదటి నుండి చివరి దాకా చదివాడు. చదువుతున్నంతసేపు అతని దవడ కదులుతూనే ఉన్నది.

"ఈమూల సంగతి రాయలేదు," అన్నాడు చివరికి. "ఈమూలు నిజంగానే ఉన్నాయి."

"ఎన్ని?" అన్నది నోలీన్.

అతడు కలం అందుకున్నాడు. "ఒకటి," అన్నాడు. "దూరంగా." అని సంతకం పెట్టాడు.

మరునాటి ఉదయం మంచు విడిచే వేళకు రాక్ ఖాళీ అయింది. మొద్దులన్నీ ఇనుప డ్రమ్ము పక్కన గుట్టగా పడి ఉన్నాయి, వచ్చేవారెవరైనా చలి కాగవచ్చునని. జనరేటరును, స్పేర్ టైర్లను నోలీన్ చెప్పిన చోట, కారవాన్ లోపల ఇరుసుకు కొంచెం ముందుగా, దించారు. ఉత్తరం బంకులోని తపాలా పెట్టెలో పడింది. పెట్రోలు కొట్టించుకున్నవారు ఇద్దరు, పళ్ళు తోముకుంటున్న ఒక ముసలాయన, సెడూనాలో జనం మూగినంత కాకపోయినా, కారవాన్ ముందు ఆగి చూస్తున్నారు. రాత్రి సంగతి వారికి లాయల్ చెప్పి ఉంటాడు.

డెస్ కారును వెనుకకు తెచ్చి నిలిపి దిగాడు. అలవాటు చొప్పున ఎడమ చేత టీ కప్పు ఉన్నది. వంగి, కుడి చేతితో కారవాన్ ముక్కు పట్టి ఎత్తాడు. లేవలేదు. కాలు తన్నిపెట్టి మళ్ళీ ఎత్తాడు. మెడ నరాలు ఉబ్బాయి. ముక్కు నేలలో పాతినట్టు ఉన్నచోటనే ఉన్నది.

గ్లెనిస్ అతనిని దాటి నడిచి, కారు తలుపు తెరిచి, లోపల కూర్చొని బెల్టు పెట్టుకున్నది.

డెస్ ఎవరినీ చూడకుండా మోకాళ్ళ మీద కూర్చొని, చిన్నచక్రం పిడిని పట్టుకొని తిప్పడం మొదలుపెట్టాడు.

"డెస్సూ," అన్నాడు లాయల్, "టీ ఒలికింది."